కూలర్ ఇంటి తాళంచెవి

కువైట్‌లో మనిషి బతుకు కన్నా టమాట బతుకే నయం. ఈ మాట లింగం నవ్వుతూ అనేవాడు. ఇప్పుడు అనడు.

లింగానిది జగిత్యాల దగ్గర పల్లె. వచ్చిన కొత్తలో అల్ రాయ్ గోదాముల్లో మూటలు మోశాడు. తర్వాత కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, అతణ్ణి వఫ్రాలోని తన తోటకు పంపాడు. ఎడారి మధ్యలో పొడుగాటి ప్లాస్టిక్ ఇల్లు. ఊళ్లో కూలర్‌కు గడ్డి కట్టి నీళ్లు పోసినట్టే, ఇక్కడ ఒక గోడంతా తడి అట్టలు, ఎదుటి గోడకు పెద్ద ఫ్యాన్లు. బయట ఎండ నిప్పులు చెరుగుతున్నా లోపల మాఘమాసమే. పనివాళ్లు దాన్ని కూలర్ ఇల్లు అనేవారు.

టమాటకు చల్లదనం ఇష్టం, తేమ గిట్టదు. రెండూ ఒకే గోడలోంచి వస్తాయి, అదీ చిక్కు. ఆకు ఆరకుండా చీకటి పడితే తెల్లారేసరికి బూజు. అందుకే రోజూ పొద్దుగూకే మగ్రిబ్ బాంగు వేళకు లింగం అట్టల మీది నీళ్లు ఆపేసి, ఫ్యాన్లు మాత్రం తిప్పేవాడు. నిరుడు ఒక వరుస సాంతం బూజుపట్టి పోయింది. పనివాళ్ల చెప్పులే తెచ్చాయని తోట మేనేజరు తేల్చేశాడు. ఆ మేనేజర్ని అందరూ ముదీర్ అంటారు. అప్పటినుంచి లోపలికి లింగం ఒక్కడికే అనుమతి. తాళంచెవి అతని మొలతాడుకు చేరింది. ఇన్నేళ్ల చాకిరీకి ఒక్క తాళంచెవి దక్కితే ఎవడు మురవడు?

ఆ మురిపెంలోనే కూలర్ ఇంట్లో నిలబడి భార్య మంగకు వీడియో కాల్ చేశాడు. ఆమె తమ్ముడు రాజమౌళికి వీసా తీస్తానంటే మంగ వెనకాడుతోంది.

"ఎండకు ఆగడు మావోడు."

"ఏడున్నదే ఎండ? సూడు, స్వెట్టర్ ఏసుకోవాలె," అంటూ లింగం ఫోన్ తిప్పి వరుసలన్నీ చూపించాడు. తాము పడుకునే రేకుల గది చూపించలేదు. అబద్ధమైతే ఆడలేదు.

రాజమౌళి వచ్చాడు. ఎండలో పైపులు వేసే పని ఇచ్చారు. జూలైలో రేకుల గది ఏసీ పాడైంది. ముదీర్‌ని అడిగితే "బుక్రా", రేపు, అన్నాడు. ఆ రేపు రానే లేదు.

ఒక మధ్యాహ్నం రాజమౌళి కూలర్ ఇంటి తలుపు దగ్గరికొచ్చాడు. ముఖం కందిపోయింది. ఒంటిమీద చెమట కూడా లేదు.

"బావా, తలకాయ తిరుగుతాంది. గడియసేపు లోపల కూసుంట."

ఆ పొద్దున్నే లింగానికి రెండాకుల మీద బూజు కనిపించింది. ఇంకో వరుస పోతే ఖలాస్, ఇంటికే అని ముదీర్ ముందే చెప్పి ఉన్నాడు.

"నిన్ను జూస్తే ముదీర్ నన్ను సంపుతడు మౌళీ. నీళ్లు తాగి నీడకు పండుకో. జెరసేపటికి అచ్చి సూస్త," అని తలుపు వేసుకున్నాడు.

రాజమౌళి గదికి పోలేదు. కూలర్ ఇంటి వెనక, ఫ్యాన్ల ఎదుట పడుకున్నాడు. లోపలి చల్లగాలి బయటికొచ్చేది అక్కడే. బావ తలుపు తీయకపోతేనేం, గాలైనా దొరుకుతుందనుకున్నాడు పాపం.

బూజు భయంతో లింగం ఆ రోజు ఎండ తగ్గకముందే, అసర్ బాంగుకే నీళ్లు ఆపేశాడు. అట్టలు ఎండాయి. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. వెనక వీచే చల్లగాలి కాస్తా వడగాలి అయింది. లింగం లోపల బూజు ఆకులు ఏరుతూ, తడి ఆరుతోంది కదా అని సంతోషించాడు.

పని అయ్యాక పోతే గదిలో మౌళి లేడు. వెతుక్కుంటూ వెనక్కి వచ్చి చూస్తే, ఫ్యాన్ గాలికి చొక్కా ఎగురుతోంది, మనిషి పలకలేదు. ఒళ్లు పెనంలా కాలుతోంది. లింగం అతణ్ణి భుజాన వేసుకుని కూలర్ ఇంట్లోకి తెచ్చి, అట్టల గోడ కింద పడుకోబెట్టి నీళ్లన్నీ వదిలాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అంబులెన్సు వచ్చేసరికి ఒళ్లు చల్లబడిపోయింది. ముదీర్ వచ్చి ముందుగా మౌళి కాళ్లకున్న చెప్పులు చూశాడు.

ఫోన్‌లో మంగ గుండెలు బాదుకుంది. ఏడుస్తూనే ఒక్క మాట అడిగింది.

"గంత సల్లగుంటదని సూపిస్తివి గదనయ్యా. మావోడు అండ్ల లేకుండెనా?"

లింగం చెయ్యి మొలతాడు మీదికి పోయింది.

"ఉండె," అన్నాడు. "అండ్లనే ఉండె."