అరువు గొంతు

పెళ్లయ్యాక నా భార్య జర్మనీలో నేనుండే బ్యోబ్లింగెన్ వచ్చిందో లేదో లాక్‌డౌన్ పెట్టారు. ఆమె చేరాల్సిన జర్మన్ క్లాసు రద్దయింది. నేను పడకగదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని పొద్దంతా మీటింగుల్లో ఉండేవాణ్ణి. మాది పెద్దలు కుదిర్చిన సంబంధం. ఒకరికొకరం ఇంకా అలవాటు పడలేదు.

కింది అంతస్తులో ఉండే ఇంటి ఓనరు, ఒంటరి ముసలాయన, ఒకరోజు మా గుమ్మం ముందు ఒక అట్టపెట్టె పెట్టి వెళ్లాడు. నిండా పాత హాలీవుడ్ సినిమాల డీవీడీలు, అన్నీ జర్మన్‌లోకి డబ్ చేసినవే. వింటూ భాష నేర్చుకోమని ఆయన ఉద్దేశం. ఆమె ఒక్కో మాట వినేది, ఆపేది, పలికేది, మళ్లీ వెనక్కి తిప్పేది. వారం తిరిగేసరికి మిగతావన్నీ పక్కకు పోయి ఒకే హీరో సినిమాలు మిగిలాయి.

మనిషి పొడగరి. నున్నగా దువ్విన జుట్టు, కనుబొమ్మ మీద చిన్న గాటు. సూటు లేకుండా ఒక్క సీనులోనూ కనబడడు. నేనేమో పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ.

అన్నం దగ్గర ఆయన ముచ్చటే. "చిన్నప్పుడు ఇంటింటికి రొట్టెలేసెటోడట. సైకిల్ మీదికెల్లి పడితే ఆ గాటు అయిందట. స్టూడియోవాళ్లు పేరు మార్చిండ్రు, పండ్లు సరిచేయించిండ్రు. పెండ్లయిన సంగతి గూడ బయటికి చెప్పనియ్యలే, తెలుసా?"

"పెండ్లాన్ని దాచినోడు గొప్పోడా?" అన్నాను.

"దాచలే! అందరి ముందట ఆమె చెయ్యి పట్టుకొని ఫంక్షన్‌కు వచ్చిండు. గందుకే చాన రోజులు సినిమాలియ్యలే. పాపం." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

పెళ్లయిన కొత్తలో, నేను పదో తరగతిలో ఉండగా మా నాన్న పోయిన సంగతి చెబితే "అయ్యో" అని ఊరుకుంది. ఎప్పుడో పోయిన పరాయివాడి కోసం కంచం ముందు ఏడుస్తోంది. నాకు అన్నం సహించలేదు. పప్పులో ఉప్పెక్కువైందని లేచాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

ఒకసారి మీటింగు మొదలయ్యే ముందు నా జర్మన్ సహోద్యోగి దగ్గర ఆ హీరో పేరెత్తాను. "ఆ గొంతుకే మా అమ్మ పడిపోయేది. అది మా బెర్లిన్ నటుడి గొంతు" అన్నాడు. తమిళ హీరోలను తెలుగు గొంతుల్లో వింటూ పెరిగినవాణ్ణి, నాకే ముందు తట్టాల్సింది. మీటింగు అయ్యీ అవగానే ముందుగదిలోకి వెళ్లి రిమోట్ తీసుకుని ఆడియో ఇంగ్లీషుకు మార్చాను. సన్నగా, ముక్కుతో, ఎవరో తరుముకొస్తున్నట్టు ఉంది అసలు గొంతు.

"గిదేంది, జలుబు చేసినట్టుంది?" అంది ఆమె.

ఆ పూట నేనే చాయ్ పెట్టాను.

మర్నాడు మళ్లీ జర్మన్ గొంతు. మెట్ల మీద నిలబడి కింది ముసలాయనను అడిగి, ఆ డబ్బింగ్ నటుడి కథ కూడా తెలుసుకుంది. "యుద్ధంల ఇల్లు కాలిపోయిందట. బతుకంత చీకటి గదిల మైకు ముందట నిలబడ్డడు. మొకం ఎవ్వరికి తెల్వదు. రొట్టెల దుకాన్ల నోరు తెరిస్తే మాత్రం అందరు మర్లి చూసెటోళ్లట." ఒక్కడనుకుంటే ఇద్దరయ్యారు.

ఎండాకాలం చివర ఆమె వీసా పొడిగింపుకు విదేశీయుల ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరికింది. నేను అయిదేళ్లుగా ఉంటున్నా "ఇంగ్లీష్ ప్లీజ్" దాటలేదు. అద్దం వెనక కూర్చున్న ఆఫీసరమ్మ ఏదో అడిగింది. నేను తడుముకుంటుంటే నా భార్య అందుకుంది. పాత సినిమాల జర్మన్. తమరు నాకీ దయ చేస్తే జన్మంతా రుణపడి ఉంటానన్న ధోరణి. ఆవిడ మాస్కు పైన కళ్లు పెద్దవి చేసి పకపకా నవ్వింది. మా తాత ఇలాగే మాట్లాడేవాడందట. ఆ తర్వాత ఆవిడ నన్ను అడిగినవన్నీ నా భార్యే నాకు తెలుగులో చెప్పింది.

బయటకు వచ్చాక ఉండబట్టలేక అన్నాను. "నీ గురువు పరువు నిలబెట్టినవ్."

ఆమె మాస్కు కిందికి లాగింది. "మీరు పొద్దంత మాట్లాడుతనే ఉంటరు, తలుపేసుకొని. ఇంట్ల నాతోని మాట్లాడింది ఆయనొక్కడే."



చలికాలం మళ్లీ లాక్‌డౌన్ వచ్చింది. ఆఫీసు పని అయ్యాక సోఫాలో ఆమె పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. ఆమె ఆపిన చోట నేనూ ఆ వాక్యం పలికేవాణ్ణి, తప్పులు దిద్దేది. ఒక సాయంత్రం ఆయన ఆఖరి సినిమా చూశాం. జుట్టు నెరిసినా చూడముచ్చటగానే ఉన్నాడు. ఆ తర్వాత ఆయన భార్య జబ్బు పడితే వచ్చిన వేషాలన్నీ వదులుకుని, ఆమె మంచం పక్కనే ఉండిపోయాడట. అది చెబుతూ నా భార్య నా చెయ్యి పట్టుకుంది.

ఇది కూడా ఆయన చలవేనని తోచి మనసు చివుక్కుమంది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.