ఫిల్టరు పక్కన కుర్చీ

మా పాత మేనేజరు గారు పోయారని మొన్న పొద్దున్న ఫోన్ వచ్చింది. ఆయన్ని పెద్దమనిషి అన్నవాళ్లున్నారు, చాదస్తం అన్నవాళ్లూ ఉన్నారు. మొదట్లో నేను రెండో జట్టులోనే ఉండేదాన్నని ముందే ఒప్పుకుంటాను.

నర్సీపట్నంలో మాదో చిన్న ఎరువుల కంపెనీ ఆఫీసు. తుడిచి, నీళ్లు పట్టి, టీలు అందించడానికి కొండమ్మ ఏజెన్సీ కొండల్లోని ఊరి నుంచి మొదటి బస్సుకి వచ్చేది. అందరూ ఆమెని "ఒలే" అనే పిలిచేవారు. హాజరు పుస్తకంలో కూడా పేరుండేది కాదు, "స్వీపరు" అని ఉండేది. మేనేజరుగా కొత్తగా వచ్చిన ఆయన ఆమె పేరడిగి, పుస్తకంలో రాసి, "కొండమ్మ గారూ, కాస్త మంచినీళ్లిస్తారా?" అన్నారు.

ఆమె గ్లాసు అక్కడే పెట్టేసి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "నన్ను గారంటన్నారేటమ్మా? రేపట్నుంచి రావొద్దంటారేటి?"

మర్యాద అంటే ఆమెకి సాగనంపడమే అని అర్థమైంది. నాకు నవ్వొచ్చింది కూడాను.

మర్నాడు బుట్టెడు సీతాఫలాలు తెచ్చి ఆయన గుమ్మంలో పెట్టింది. "తప్పేటి సేసినానో సెప్పండి బాబూ" అంది. ఆయన లేచి నిలబడ్డారు. "తప్పు మీది కాదండీ. ఇన్నాళ్లూ పేరెట్టి పిలవని మాది." పళ్లు మా అందరికీ పంచి, గింజలు ఎవరివి వాళ్లే పారేసుకోమన్నారు.

మంచినీళ్ల ఫిల్టరు పక్కన ఆమెకో కుర్చీ వేయించారు. నేను మూతి ముడిస్తే, "కుర్చీ హోదా చూసి వెయ్యకమ్మా, కాళ్లనొప్పులు చూసి వెయ్యి" అన్నారు. ఎవరినైనా కోప్పడాలంటే తలుపు వేసేవారు, మెచ్చుకోవాలంటే తీసేవారు. నా పొరపాటున ఒక లోడు వేరే ఊరికి పోయిన రోజున, ఆ వేసిన తలుపు విలువ నాకు తెలిసింది. ఆ రోజుకి నేనింకా రుణపడే ఉన్నాను. అప్పట్నుంచి నేనూ "కొండమ్మ గారు" అనడం నేర్చుకున్నాను.

ఆయన రిటైరయ్యాక వచ్చిన కొత్త మేనేజరు వారం తిరక్కుండా "ఒలే" మొదలెట్టారు. కుర్చీ మీదికి ఫైళ్లు ఎక్కాయి, కొండమ్మ గారు నేల మీదికి దిగారు. నేను ఒక్క మాట అనలేదు. పిల్లల చదువులు, నా ఉద్యోగం... కారణాలకేం, బోలెడు. చదువుతున్న మీకూ ఇలాంటివి ఉండే ఉంటాయి.

కిందటి నెల నేనూ కొండమ్మ గారూ బలిఘట్టంలో పాత మేనేజరు గారింటికి ఆయన్ని చూడ్డానికి వెళ్లాం. మంచంలో సగం మనిషయ్యారు. "ఆఫీసులో కొండమ్మ గారిని ఇంకా గారు అంటున్నారా అమ్మా?" అని నన్నడిగారు.

నా వెనకనుంచి కొండమ్మ గారే అందుకున్నారు. "అంటన్నారు బాబూ. అందరూ గారే అంటన్నారు. కుర్సీ కూడా అక్కడే ఉంది."

ఆయన కళ్లు మూసుకుని నవ్వారు. ఆ అబద్ధం ఆయన కోసమో, నా కోసమో, ఆటోలో తిరిగొస్తూ అడగాలనుకుని అడగలేకపోయాను.

నిన్న ఆఫీసుకి వెళ్లగానే కుర్చీ మీది ఫైళ్లన్నీ తీసి కింద పెట్టాను. "కూర్చోండి కొండమ్మ గారూ" అన్నాను. గట్టిగా అనాలనే అనుకున్నాను, గొంతు గుసగుసలాగే వచ్చింది. ఆమె కుర్చీ వైపు చూడలేదు. మేనేజరు గది తలుపు వైపు చూసి, ఫైళ్లు ఒక్కొక్కటే ఎత్తి మళ్లీ కుర్చీ మీద పెట్టేశారు.