లక్ష్మి దరఖాస్తు, నా ఉచిత సాఫ్ట్‌వేర్

2019లో మెట్‌పల్లి బస్టాండ్ దగ్గర నాకు చిన్న టైపింగ్ సెంటర్ ఉండేది. నేను కంప్యూటర్ కోర్సు చేయలేదు. గ్రంథాలయం నుంచి ఒక్కో పుస్తకం తెచ్చుకుని నేర్చుకున్నాను. ఏటా చందా కట్టే ఆఫీస్ సాఫ్ట్‌వేర్ తీసేసి ఉచితంగా దొరికేది పెట్టుకున్నదీ ఆ చదువుతోనే. అది నాకు గొప్పగా ఉండేది.

ఆ వేసవిలో బీడీలు చుట్టే లక్ష్మి వచ్చింది. గల్ఫ్‌లో ఆమె భర్త పనిచేసే కంపెనీ మూతపడింది. పాస్‌పోర్ట్ యజమాని దగ్గరే చిక్కుకుంది. భర్త ఇల్లు చూసి ఆరేళ్లు. అతన్ని రప్పించమని కరీంనగర్‌లోని ఒక సహాయ కార్యాలయానికి ఈమెయిల్‌లో దరఖాస్తు పంపాలి.

"అన్నా, పైసలు కట్టే దాంట్లనే కొట్టు. ఫుకట్ దాంట్ల రాస్తె సార్లు చదువుతరా?"

"అక్షరాలు గవే చెల్లె. ఫికర్ చెయ్యకు."

"ఫోన్ల గొంతు ఇంటున్న గని, పక్కన కూసుంటె ఎట్లుంటడో మర్సిపోతున్న. గది గూడ రాయి."

దరఖాస్తులో అలాంటివి రాయరన్నాను. ఆమె కుర్చీలోంచి లేవలేదు. రాశాను.

ఇరవై రోజులు గడిచాయి. రోజూ బీడీలు అప్పజెప్పి వస్తూ గుమ్మం దగ్గర ఆగేది. "ఏమన్న వచ్చిందా?" రాలేదనేవాణ్ని. చివరికి ఫోన్ చేస్తే గుమాస్తా అన్నాడు: "పాస్‌పోర్ట్ నంబరే లేదు. పక్కకు పెట్టినం."

నంబరు నేను టైప్ చేశాను. ఆ ఫైలును మిత్రుడి దుకాణంలో, చందా కట్టిన సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను. నేను వాడిన ఫాంట్, అంటే అక్షరాల రూపం, ఆ కంప్యూటర్‌లో లేదు. దాని బదులు పెద్ద అక్షరాలు వచ్చి, నంబరు రాసిన గడి ఎత్తు చాలక, అది కనబడకుండా పోయింది. పీడీఎఫ్‌గా పంపితే పేజీ ఎక్కడైనా ఉన్నదున్నట్టే కనిపించేది. నా ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దానికి ఒక్క నొక్కు చాలు. నేనే నొక్కలేదు.

లక్ష్మికి ఉన్న మాట చెప్పాను.

"నేను అప్పుడే అంటి గదా. ఇప్పుడన్న పైసల దాంట్ల కొడుతవా?"

"లే. గదే దాంట్ల. ఈసారి సక్కగ పంపుత."

"జర దయ ఉంచు. నీ పంతం నా మీద తీర్సుకోకు."

నవ్వుతూనే అంది. ఈసారి ఆ ఒక్క నొక్కు నొక్కాను.

పీడీఎఫ్ పంపాక నాలుగో రోజే ఆ కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది. దసరాకు ముందు లక్ష్మి భర్త ఇల్లు చేరాడు.

కొన్నది మేలా, ఉచితం మేలా అని ఇప్పటికీ అడుగుతారు. దరఖాస్తులకు, ఉత్తరాలకు ఉచితం చాలంటాను. పంపేముందు ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూడమంటాను. ఆరేళ్లు ఎదురుచూసిన మనిషిని మరో ఇరవై రోజులు గుమ్మంలో నిలబెట్టింది ఏ సాఫ్ట్‌వేరూ కాదు, నేను.