మంది బావి

సర్కారు కచేరీకి పదకొండు అర్జీలు పెట్టుకున్నాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. అందిందని ముక్క రాసినవాడు కూడా లేడు. అందుకే ఈ పత్రికలో రాస్తున్నాను.

మాది పుంగనూరుకు నడక దూరంలోని పల్లె. యుద్ధం మొదలైన ఏట వానలు తప్పాయి. ఇంటికొక మనిషి చొప్పున గడ్డపార పట్టి తాగునీటి బావి తవ్వాము. పుంగనూరు సాయిబు ఒకాయన వచ్చి రాతికట్టు కట్టాడు. నీళ్లు పడిన రోజు బిందె పట్టుకుని ముందుకు పోబోతే మా అమ్మ ఆపింది. "ఇది మంది బావి. మంది తోడుకున్యాకే మనం."

మంది అంటే ఊరి జనమంతా. మా వైపు ఆ మాటకు బరువుంది. పెండ్లిలో మంది తిన్నాకే ఇంటివాళ్లు తింటారు. తప్పు చేసినవాడు మందికి జవాబు చెప్పుకోవాలి.

రెండేళ్లకు భూమి కొలతల గుమాస్తా వచ్చి బావి ఎవరిదన్నాడు.

"మందిది సామీ."

"అట్లా రాయడానికి లేదు. ఒక పేరు చెప్పండి."

బయటివాడు పేరు అడిగితే ఊరి పెద్దాయన పేరే చెప్పాలి. ఇంకొకరిది చెబితే ఆయన్ను తక్కువ చేసినట్టు. అందరం ఆయన పేరే చెప్పాము. నేనూ చెప్పాను. "నా పేరు ఎందుకప్పా" అని ఆయన సిగ్గుపడ్డాడు కూడా. గుమాస్తా బావిని ఆయన పేర రాసుకుని పోయాడు.

పెద్దాయన పోయిన నెలకే కొడుకు బావి చుట్టూ కంప నాటి, తడిక పెట్టి తాళం వేశాడు.

"కాగితంలో ఎవురి పేరుండాదో పోయి సూడన్నా."

"మీ నాయన మాతో గడ్డపార పట్టినాడు. నువ్వు యాడుంటివిరా అప్పుడు?"

"అత్తగారింట్లో కోడికూర తింటాండె" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. తాళం మాత్రం ఊడలేదు.

బొగ్గుతో నడిచే బస్సెక్కి మదనపల్లెకు పోయి అదే గుమాస్తాను పట్టుకున్నాను. "మంది అనేది మీ ఊరి మాట. బయట ఎవరికి తెలుసు?" అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. కుప్పంలో మా అక్క ఉంది. ఆమెను చూడబోయినప్పుడు అక్కడి సంతలో చింతపండు అమ్మే ముసలమ్మను అడిగాను, మంది బావి అంటే ఎవరిదని.

ఆమె తక్కెడ కింద పెట్టింది. "యా ఊరప్పా నీది? మంది బావిలో చేదుకోడానికి ఎవుర్నన్నా అడగల్లనా?"

ఆ మాటనే పొల్లు పోకుండా తర్వాతి అర్జీలో రాశాను.

ఇప్పటికీ మా ఆడవాళ్లు వంక ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు తెస్తున్నారు. ఇంటికొకరం తవ్విన బావికి మంది అని రాయకూడదని ఎక్కడుందో కచేరీవాళ్లు చూపించండి. లేదా పెద్దాయన పేరు కొట్టేసి మంది అని రాయండి. రెంటిలో ఏది చేస్తారో నాకు కాగితం మీద చెప్పండి.