తడిసిన నూలు

ఆ నూలు మిల్లులో గుమాస్తా ముప్ఫై ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాడు. ఐదేళ్ల కిందట గోదాములోకి నీళ్లొచ్చి నాలుగు వందల బేళ్లు బూజు పట్టిపోయినా, ఏటా వాటిని కొన్న ధరకే చూపించాడు. యజమాని పెద్దాయన ఉండగా నష్టమని రాస్తే ఆయన్ని నలుగురిలో నిలదీసినట్టేనని అక్కడ అందరి నమ్మకం.

ఇప్పుడు మిల్లును పరదేశపు కంపెనీ కొంటోంది. తనిఖీ రోజు పొద్దున్నే భార్య చెప్పింది. "ఉన్నది ఉన్నట్టు చెప్పేయండి. సంతకం మీది. రేపు కటకటాలు లెక్కపెట్టేదీ మీరే."

గోదాములో కంపెనీ అధికారిణి అడిగింది. "ఈ నూలు ఇవాళ ఎంత చేస్తుంది?"

గుమాస్తా పెద్దాయన ముఖంలోకి చూశాడు.

"చెప్పవోయ్, నోట్లో బెల్లంగడ్డ ఉందా?" అన్నాడు పెద్దాయన.

"లెక్కల్లో ఉన్నంత చేస్తుందండీ."

ఆమె ఒక బేలు కోయించి గుప్పెడు నూలు లాగింది. అది చేతిలోనే పొడిపొడి అయిపోయింది.

"మా దేశంలో ఏ ఏటి నష్టం ఆ ఏడే రాస్తాం. దీన్ని దాచమన్నదెవరు?"

"రాసింది వీడేనమ్మా. నాకు లెక్కలేం తెలుసు?" అన్నాడు పెద్దాయన.

గుమాస్తాకు భార్య మాట గుర్తొచ్చింది. కానీ పెద్దాయన ఎదుట ఆయన మాట కాదనడం అతనికి ఏనాడూ చేతకాలేదు.

"అవునండీ, నేనే రాశాను" అన్నాడు. "అయ్యగారికేం తెలీదు."