బతికున్న పోపుగారు

రోమ్‌లో మా వీధి చివరి చర్చిని రోజూ పొద్దున్నే తెరిచేది ఎర్సీలియా. డెబ్భై దాటినా బొంగరంలా తిరిగే మనిషి. చీపురు చంకలో పెట్టుకుని, రంగురాళ్లు పొదిగిన గోడబొమ్మ వైపు తలెత్తి "బావున్నారా, పోపుగారూ?" అంటుంది. బొమ్మలో పునీతులు ఎందరున్నా పలకరింపు ఆయన ఒక్కడికే. వాళ్లందరి తలల వెనక గుండ్రటి కాంతివలయాలు. ఊరి బయటి సొరంగ సమాధుల నుంచి, మతం కోసం ప్రాణాలిచ్చిన అమరుల ఎముకలు తెప్పించి, వాటి కోసం ఈ చర్చి కట్టించిన పోపుకి మాత్రం నలుచదరం. బొమ్మ చేసేనాటికి బతికున్నవాళ్లకి అలాగే పెట్టేవారు. "పోయినవాళ్లకి మొక్కుతాం. బతికున్నాయన్ని పలకరించకపోతే మర్యాదేనా?" అంటుంది. పన్నెండు వందల ఏళ్లు గడిచిన సంగతి ఆమెకి పట్టదు. తూర్పు కిటికీ వెలుగుకి ఆ చదరం మూల తళుక్కుమంటుంది. అదే ఆయన జవాబు.

ఈ వసంతంలో ఒకరోజు "ఆయన పలకడం లేదు" అని మరమ్మతుల మేస్త్రి ఇవానోని పిలిపించింది. "మబ్బు పట్టిందేమో, పెద్దమ్మా" అన్నాడతను. "మబ్బయితే నీ బట్టతల ఎలా మెరుస్తోందిరా?" అంది. అతను నవ్వుతూ నిచ్చెనెక్కి, వేలి కణుపుతో గోడ తట్టాడు. లోపల డొల్ల. నవ్వు ఆగిపోయింది. రాళ్లు గోడను వదిలి ముందుకి ఒరిగి ఉన్నాయి, అందుకే మెరుపు తప్పింది. ఇంకో పెద్ద వాన పడితే పోపుగారి తల నేల మీద ఉండేది. మూడు వారాలు ఆ డొల్లలోకి సున్నం ఎక్కించి, ఒక్క రాయీ పోకుండా నిలబెట్టాడు. పరంజా విప్పిన మర్నాడు తలుపు తీయగానే ఎర్సీలియా కంటే ముందు అతనే లోపలికి వెళ్లి, టోపీ తీసి తలెత్తాడు. "బావున్నారా, పోపుగారూ?"

చదరం మూల తళుక్కుమంది.

ఎర్సీలియా చీపురు అతని చేతికిచ్చింది. "పరిచయమైందిగా. ఇక ఊడువు."