పగడపు దిబ్బలకు కాపుగాసిన మా వసుంధర మేడం

మా గురువుగారు డాక్టర్ వసుంధర ఇక లేరన్న వార్త ఒంగోలులో నేను పాఠం చెప్పడానికి తరగతికి వెళ్లబోతుండగా పిడుగులా వచ్చిపడింది. గుంటూరు ఆస్పత్రిలో గుండె ఆగిపోయిందని ఆమె తమ్ముడు ఫోనులో చెబుతుంటే, "అదేంటండీ, నిన్ననేగా నన్ను తిట్టారు!" అన్నాను. నిజంగానే తిట్టారు. అండమాన్ సముద్రంలో నీళ్లు ఎంత వేడెక్కాయో ఇంటర్నెట్‌లో చూడలేదన్నందుకు, ఆస్పత్రి మంచం మీది నుంచే కోప్పడ్డారు.

సత్తెనపల్లి దగ్గర పత్తి, మిర్చి పండించే కుటుంబం వారిది. కాలువలో ఈత నేర్చిన ఆ బిడ్డ జంతుశాస్త్రం చదివి, అండమాన్ దీవుల్లో పగడపు దిబ్బల పరిరక్షణే జీవితవ్రతంగా స్వీకరించింది. తండ్రిగారు విస్తుపోయి, "పగడాలు కొట్లో అమ్ముతారు గదమ్మా, వాటికి కాపలా ఏంటి?" అన్నారట. "అవి రాళ్లు కావు నాన్నా, ప్రాణులు. చేప పిల్లలు పెరిగేది వాటి సందుల్లోనే," అన్నారట ఈమె.

ఆమెకు సహనం తక్కువ. నేను శిష్యురాలిగా చేరిన కొత్తలో, సింగరాయకొండ వైపు నుంచి అక్కడికి వలస వెళ్లిన పడవవాడు కోటయ్య సరిగ్గా దిబ్బ మీదే లంగరు దించబోయాడు. మేడం మా పడవలోంచి నీళ్లలోకి దూకి, ఈదుకుంటూ వెళ్లి అతని పడవ అంచు పట్టుకున్నారు.

"ఒరేయ్, కాపుకొచ్చిన మిరప చేలో ట్రాక్టరు తోలతావా నువ్వు?"

"మరి పడవెక్కడ కట్టుకోమంటారండీ, మీ నెత్తినా?" అని కోటయ్యా అరిచాడు.

ఆ మాట ఆమెను ఆలోచనలో పడేసింది. ఆఫీసుల చుట్టూ తిరిగి, పోట్లాడి, దిబ్బకు దూరంగా పడవలు కట్టుకోవడానికి తేలే డబ్బాలు వేయించారు. మొదటి డబ్బాకు పడవ కట్టింది కోటయ్యే. అప్పటి నుంచి అతను మా మనిషి.

తరువాత ఒక వేసవిలో సముద్రం కాగిపోయింది. రంగురంగుల దిబ్బ పాలిపోయి, కనుచూపు మేర తెల్లబడింది. మేడం నీళ్లలోంచి పైకి వచ్చి ముఖానికున్న అద్దం తీసి, "మా ఊళ్లో పత్తి చేను తెల్లబడితే పంటొచ్చినట్టే. ఇక్కడ తెల్లబడితే చావొచ్చినట్టు," అన్నారు. ఆమె కంట నీరు చూడటం నాకదే ప్రథమం. ఆ దుఃఖంలోనూ కూర్చోలేదు. ఇనుప చట్రాలకు కట్టి మొక్కల్లా పెంచుతున్న పగడపు ముక్కలను కోటయ్య సాయంతో లోతైన చల్లని నీళ్లలోకి దింపించారు. సగానికి పైగా పోయాయి. మిగిలినవాటిని వేడి తగ్గాక తెచ్చి దిబ్బకు నాటాం.

సెలవుల్లో సొంతూరు వచ్చినా ఊరుకునేవారు కారు. ఒక రైతు సభలో ఎవరో, "సముద్రంతో మనకేం పనమ్మా?" అన్నారు. "మీ మిరప పూత రాల్చే వేడే అక్కడ పగడాన్ని చంపుతోంది బాబాయ్. జబ్బొకటే, రోగులే ఇద్దరు," అన్నారామె.

దహనసంస్కారాలయ్యాక కోటయ్య ఫోను చేశాడు. చాలాసేపు ఏడ్చాడు. ఆనక గొంతు సవరించుకుని, "అమ్మా, నీళ్లు అప్పుడే కాగుతున్నాయి. చట్రాలు ఇప్పుడే దింపమంటారా, ఆగమంటారా?" అన్నాడు.

ఇన్నేళ్లూ ఆ నిర్ణయం ఆమెది. తొందరపడితే లోతులో వెలుతురు చాలక పగడం చస్తుంది, ఆలస్యమైతే వేడికి చస్తుంది. ఆ విదుషీమణికి నమస్కరించి, కన్నీరు తుడుచుకుని, "దింపు కోటయ్యా," అన్నాను. సరిగ్గా చెప్పానో లేదో తెలియదు. అడుగుదామంటే, లోకంలో ఎవరూ లేరు.